95 గోల్స్‌ను ఎలా చదవాలి?

2023 జూన్ 21 సాయంత్రం బెంగళూరు కంఠీరవ స్టేడియంలో భారత్, పాకిస్తాన్ ఫుట్‌బాల్ జట్లు దక్షిణాసియా దేశాల పోటీ అయిన శాఫ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ ఆడాయి. వీసాలు ఆలస్యం కావడంతో పాకిస్తాన్ జట్టు ఆ రోజే ఊళ్లో దిగింది. పదో నిమిషంలో వాళ్ల డిఫెండర్ ఒకరు బంతిని వెనక్కి, తమ గోల్‌కీపర్ వైపు తోశాడు. అలాంటి పాస్ వెళ్లినప్పుడు ఎదుటి జట్టు ఫార్వర్డ్ సాధారణంగా నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోతాడు, ఎందుకంటే ఆ పరుగు దాదాపు ఎప్పుడూ వృథాయే. అప్పటికి 39వ ఏడు నడుస్తున్న భారత కెప్టెన్ సునీల్ ఛెత్రి ఆగలేదు. గోల్‌కీపర్ కాలికి బంతి సరిగా కుదరక తడబడిన ఆ ఒక్క క్షణానికి ఛెత్రి అతని పక్కనే ఉన్నాడు, బంతిని ఖాళీ గోల్‌లోకి నెట్టేశాడు. ఆ తర్వాత రెండు పెనాల్టీలను గోల్స్‌గా మలిచి హ్యాట్రిక్ పూర్తి చేశాడు. భారత్ 4-0తో గెలిచింది.

ఆ రాత్రి నాతోపాటు మ్యాచ్‌కు వచ్చినవాడు మదనపల్లె కుర్రవాడు, మా ఆఫీసులో కొత్తగా చేరినవాడు. క్రికెట్ తప్ప మరో ఆటను స్టేడియంలో చూడటం అతనికి అదే మొదటిసారి. వానలో తడిసి కబ్బన్ పార్క్ మెట్రో స్టేషన్ వైపు నడుస్తుండగా అతను అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, మెస్సీ తర్వాత ఛెత్రే అని పేపర్లలో రాస్తారు గదా. గోల్‌కీపర్ తప్పు చేస్తే కొట్టింది ఒకటి, పెనాల్టీలు రెండు, అదీ పాకిస్తాన్ మీద. వీటిని తీసుకుపోయి మెస్సీ గోల్స్ పక్కన పెట్టి లెక్కేయొచ్చా?" రైలు వచ్చేలోపు నేను చెప్పగలిగింది సగం జవాబే. ఆ ప్రశ్న న్యాయమైనది, ఛెత్రిని అభిమానించేవాళ్లు దాన్ని తప్పించుకుని పోకూడదు. భారత జట్టు తరఫున 157 మ్యాచ్‌లు ఆడి 95 గోల్స్ చేసి ఆ జెర్సీని వదిలేసిన స్ట్రైకర్ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఈ సంఖ్య చుట్టూ పడిన ముడిని విప్పాలి.

దేశం తరఫున ఎక్కువ గోల్స్ చేసిన పురుష ఆటగాళ్ల పట్టికలో క్రిస్టియానో రొనాల్డో, లియోనెల్ మెస్సీ, ఇరాన్‌కు చెందిన అలీ దాయి తర్వాత నాలుగో పేరుగా ఛెత్రి 2024 జూన్‌లో తొలిసారి రిటైరయ్యాడు. కంఠీరవలో ఆ హ్యాట్రిక్ రాత్రే అతని గోల్స్ 90కి చేరాయి, మలేసియా దిగ్గజం మొఖ్తార్ దహరి 89 గోల్స్‌ను దాటి ఆసియాలో దాయి తర్వాతి స్థానానికి వచ్చాడు. మ్యాచ్‌కు సగటున 0.6 గోల్స్ అన్న లెక్క కూడా రొనాల్డో, మెస్సీల సగటుకు దగ్గరగానే ఉంటుంది. ఇక్కడే ఒక వర్గం తొందరపడి "మన మెస్సీ" అంటుంది. మరో వర్గం అంతే తొందరగా నేపాల్, మాల్దీవులు, బంగ్లాదేశ్ పేర్లు చదివి సంఖ్య మొత్తాన్నీ చెత్తబుట్టలో వేస్తుంది. రెండూ లెక్క చదవడంలో జరిగే పొరపాట్లే. మొదటిది పోటీ స్థాయిని వదిలేస్తుంది, రెండోది ఆ పోటీని ఎవరు నిర్ణయిస్తారన్న సంగతిని వదిలేస్తుంది.

అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో ఆటగాడు ప్రత్యర్థిని ఎంచుకోడు. దేశం ర్యాంకు, అది ఉన్న ఖండం, ఆ ఖండపు సమాఖ్య పెట్టే టోర్నమెంట్లు కలిసి నిర్ణయిస్తాయి. ఛెత్రి 2005 జూన్ 12న క్వెట్టాలో పాకిస్తాన్ మీద తొలి మ్యాచ్ ఆడి, ఆ మ్యాచ్‌లోనే తొలి గోల్ చేసేనాటికి భారత్ ఆసియాలో కూడా వెనుక వరుసలో ఉన్న జట్టు. అలాంటి దేశాల కోసమే ఆసియా సమాఖ్య ఆ రోజుల్లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ అని విడిగా ఒక పోటీ నడిపేది. పెద్ద జట్లతో ఆడే అర్హత ఇంకా రాలేదని ముద్ర పడిన జట్లు అందులో తలపడేవి. దాన్ని గెలిస్తే ఆసియా కప్‌లో చోటు దక్కేది. 2008 ఆగస్టు 13న ఢిల్లీ అంబేడ్కర్ స్టేడియంలో జరిగిన ఫైనల్లో తజికిస్తాన్ మీద భారత్ 4-1తో గెలిచింది, అందులో మూడు గోల్స్ ఛెత్రివి. 1984 తర్వాత 27 ఏళ్లకు, 2011లో భారత్ మళ్లీ ఆసియా కప్ ఆడిందంటే అందుకు ఆ సాయంత్రమే కారణం. చిన్న జట్టు మీద గోల్స్ అని ఆ మూడింటినీ తీసిపారేస్తే, పెద్ద జట్లతో ఆడే దారే మూసుకుపోతుంది. రొనాల్డో కూడా ఒక్క లక్సెంబర్గ్ మీదే 11 గోల్స్ చేశాడు. తేడా ఏమిటంటే, లక్సెంబర్గ్‌తో ఆడిన పోర్చుగల్‌కు ఆ తర్వాత స్పెయిన్, ఫ్రాన్స్ లాంటి జట్లతో తలపడే వేదికలు ఎలాగూ దొరుకుతాయి. భారత్‌కు అవి దొరకవు, దొరికినా ఏళ్లకొకసారి.

కాబట్టి దొరికినప్పుడు ఏం జరిగిందో చూడాలి. నా దృష్టిలో 95 కంటే ఎక్కువ చెప్పే లెక్క ఇదే. ఛెత్రి కాలంలో భారత్ మూడు ఆసియా కప్‌లు ఆడింది: 2011, 2019, తర్వాత 2024 జనవరిలో ఖతర్‌లో జరిగిన 2023 పోటీ. మూడింటిలోనూ గ్రూప్ దశ దాటలేదు, అంటే మొత్తం తొమ్మిది మ్యాచ్‌లు. ఆ తొమ్మిదింటిలో జట్టంతా కలిసి చేసిన గోల్స్ ఏడు, వాటిలో ఛెత్రివి నాలుగు. 2011లో బహ్రెయిన్ మీద 2-5తో ఓడినప్పుడు ఒకటి, దక్షిణ కొరియా చేతిలో 1-4తో ఓడినప్పుడు పెనాల్టీ మీద ఒకటి, 2019 జనవరి 6న థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించినప్పుడు రెండు. ఖతర్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాల మీద భారత్ ఒక్క గోల్ కూడా చేయలేకపోయింది, అప్పటికి 39 ఏళ్లు దాటిన ఛెత్రి సహా. బలమైన జట్ల ముందు అతని సగటు కూడా తగ్గిందన్నది నిజం. అక్కడ కూడా జట్టు గోల్స్‌లో సగానికి పైగా అతని కాలి నుంచో తల నుంచో వచ్చాయన్నదీ అంతే నిజం. ఈ రెండు వాక్యాల్లో ఏ ఒక్కదాన్ని వదిలేసినా అతని గురించి చెప్పింది అబద్ధమవుతుంది.

పెనాల్టీల సంగతి కూడా అడిగాడు మదనపల్లె కుర్రవాడు. పెనాల్టీ సులువైన గోల్ అని బయటి నుంచి అనిపిస్తుంది. కానీ దేశం జట్టులో ఏళ్ల తరబడి ఆ బంతిని ఒకే మనిషి చేతికి ఇస్తున్నారంటే అతని మీద ఉన్న నమ్మకం ఎంతో, మిగతావాళ్ల మీద లేని నమ్మకం ఎంతో అందులోనే తెలుస్తుంది. 2012 నెహ్రూ కప్ ఫైనల్లో కామెరూన్‌తో మ్యాచ్ 2-2 అయినప్పుడు రెండో గోల్ ఛెత్రి కొట్టిన పెనాల్టీయే. అది లేకపోతే మ్యాచ్ షూటౌట్‌కు వెళ్లేది కాదు, వరుసగా మూడోసారి కప్పు వచ్చేది కాదు.

పెనాల్టీలను పక్కన పెడితే మిగిలిన గోల్స్ ఎలా వచ్చాయన్న ప్రశ్న దగ్గర అతని ఆటలోని అసలు విద్య కనిపిస్తుంది. ఛెత్రి ఎత్తు 170 సెంటీమీటర్లు. డిఫెండర్లను భుజంతో నెట్టి నిలబడే భారీ మనిషి కాదు, చిరుతలా దూసుకుపోయే వేగమూ అతని ప్రధాన బలం కాదు. అయినా తలతో అతను చేసిన గోల్స్ చూస్తే, ఎత్తుకు చేయలేని పని సమయం చేస్తుందని అర్థమవుతుంది. మైదానం పక్క నుంచి గోల్ ముందుకు బంతి (క్రాస్) వచ్చేటప్పుడు ఎత్తైన స్ట్రైకర్ గోల్ ముందు ముందే నిలబడి బంతి కోసం ఎదురుచూస్తాడు. ఛెత్రి డిఫెండర్ వెనుక, అతని చూపు పడని చోట ఆలస్యంగా బయల్దేరి, బంతీ తానూ ఒకేసారి ఒకే చోటికి చేరేటట్టు పరుగు కొలుచుకుంటాడు. నిలబడి ఎగిరేవాడి కంటే పరుగెత్తి ఎగిరేవాడు పైకి లేస్తాడు కాబట్టి, అరడుగు పొడవైన డిఫెండర్ కూడా ఆ క్షణంలో పొట్టివాడైపోతాడు. 2018 మార్చి 17న ఇదే కంఠీరవలో చెన్నైయిన్ క్లబ్‌తో తన క్లబ్ బెంగళూరు ఎఫ్‌సీ ఆడిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్లో తొమ్మిదో నిమిషానికే ముందుకు దూకి తలతో చేసిన గోల్ అలాంటిదే. ఆ ఫైనల్లో బెంగళూరు 2-3తో ఓడింది, ఊరు చాలా రోజులు కోలుకోలేదు.

2023 శాఫ్ పోటీలోనే జూన్ 27న కువైట్ మీద చేసిన గోల్‌ను దగ్గర నుంచి చూసే అదృష్టం నాకు కలిగింది. మొదటి సగం ముగియబోతోంది. అనిరుధ్ థాపా కార్నర్ కొడుతున్నాడు. కువైట్ ఆటగాళ్లంతా గోల్ ముందు గుమికూడి ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. థాపా బంతిని వాళ్ల తలల మీదికి పంపకుండా, గుంపుకు దూరంగా ఛెత్రి వచ్చి నిలిచిన ఖాళీ చోటికి పంపాడు. బంతి నేలను తాకేలోపే ఛెత్రి దాన్ని పాదం పక్క భాగంతో గోల్‌లోకి మళ్లించాడు. అందులో బలం కంటే లెక్క ఎక్కువ. జూలై 4న ఫైనల్లో అదే కువైట్‌ను భారత్ 1-1 తర్వాత పెనాల్టీల్లో 5-4తో ఓడించి కప్పు గెలిచింది.

ఇక అతను అసలు స్ట్రైకరేనా అన్న ప్రశ్న ఉంది. భారత జట్టులో అతను గోల్‌కు దగ్గరగా, ముందు వరుస మధ్యలో ఆడాడు. బెంగళూరు ఎఫ్‌సీ తరఫున మాత్రం చాలా సీజన్లు ఎడమ పక్కన వింగర్‌గా కనిపించాడు. 2017-18లో వెనెజులా ఆటగాడు మికు మధ్యలో స్ట్రైకర్, ఛెత్రి ఎడమ వైపు. ఆ సీజన్‌లో మికు 15 గోల్స్ చేస్తే ఛెత్రి 14 చేశాడు. దేశానికి స్ట్రైకర్, క్లబ్బుకు వింగర్ అన్న ఈ రెండు ముఖాల వెనుక ఒక పెద్ద వ్యవస్థ ఉంది, భారత ఫుట్‌బాల్ సమస్య అంతా అక్కడే ముడిపడి ఉంది.

2014లో ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు మైదానంలోని పదకొండు మందిలో ఆరుగురు దాకా విదేశీయులు ఉండవచ్చు. 2017-18లో ఆ సంఖ్యను అయిదుకు, 2021-22లో నాలుగుకు తగ్గించారు. ఇప్పుడు ఒక కోచ్ స్థానంలో మనం నిలబడి ఆలోచించాలి. ఓడితే ఉద్యోగం పోతుంది. నలుగురు విదేశీయులను ఎక్కడ ఆడించాలి? గోల్స్ చేసే చోట ఒకరు, గోల్స్ సృష్టించే మధ్య వరుసలో ఒకరిద్దరు, గోల్స్ ఆపే వెనుక వరుస మధ్యలో ఒకరు. ఈ లెక్క తప్పని ఎవరూ అనలేరు. కానీ లీగ్‌లోని క్లబ్బులన్నీ ఒకేసారి ఇదే లెక్క వేసుకుంటే, దేశంలో పెద్ద స్థాయిలో ముందు వరుస మధ్యలో ఆడే భారతీయుడే మిగలడు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడు స్ట్రైకర్‌గా వెలుగులోకి వస్తే అతన్ని వింగ్‌కు పంపుతారు, లేదా చివరి పది నిమిషాలకు పిలుస్తారు. గోల్ ముందు నిలబడి తప్పులు చేసి నేర్చుకునే వందల గంటలు అతనికి దొరకవు. ఛెత్రికి అవి దొరికాయి, ఎందుకంటే అతను 2002లో మోహన్ బగాన్‌లో, 2005 నుంచి జేసీటీలో, తర్వాత ఈస్ట్ బెంగాల్, డెంపోల్లో ఎదిగాడు. విదేశీయులు అప్పుడూ ఉన్నారు, కానీ ఇంత ఎక్కువ మంది లేరు. ఐఎస్‌ఎల్ వచ్చేనాటికి అతను ముప్పై ఏళ్ల పండిన ఆటగాడు, వింగ్‌కు పంపినా గోల్‌ను వెతుక్కుంటూ లోపలికి వచ్చే అలవాటు అప్పటికే ఒంట్లో ఉంది. 2015లో ముంబయి సిటీ తరఫున ఐఎస్‌ఎల్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి భారతీయుడయ్యాడు. అతని తర్వాతి తరంలో అచ్చమైన స్ట్రైకర్‌గా నిలిచిన జెజె లాల్‌పెఖ్లువా దేశానికి చేసిన గోల్స్ 23. ఒకే కాలంలో ఒకే జెర్సీ వేసుకున్న ఇద్దరి మధ్య 72 గోల్స్ తేడా ఉందంటే, అందులో ఒకరి గొప్పతనం ఎంతో, మొత్తం వ్యవస్థ వెలితీ అంతే ఉంది.

విదేశాల్లో అతను నిలవలేకపోయాడని తరచూ వినిపించే మాటను కూడా ఈ వెలుగులోనే చూడాలి. 2009లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ అతనితో ఒప్పందానికి సిద్ధపడింది. బ్రిటన్ పని అనుమతి ఇవ్వలేదు, ఎందుకంటే ఆటగాడి దేశం ఫిఫా ర్యాంకుల్లో తొలి 70లో ఉండాలన్నది నిబంధన, భారత్ అప్పుడు 150 దరిదాపుల్లో ఉంది. ఆటగాడి ప్రతిభను కొలిచే చోట దేశం ర్యాంకును కొలిచారు. 2010లో అమెరికాలోని కాన్సస్ సిటీ విజర్డ్స్‌కు వెళ్లాడు, లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడే అవకాశం రాలేదు. 2012లో పోర్చుగల్ క్లబ్ స్పోర్టింగ్ రెండో జట్టులో చేరి కొద్ది మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. వయసు 25 దాటాక కొత్త దేశంలో, అక్కడి వేగానికి చిన్నప్పటి నుంచి అలవాటు పడినవాళ్లతో చోటు కోసం పోటీపడటం కష్టం. వాటిని వైఫల్యాలనడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ పద్దెనిమిదేళ్లకు దొరకాల్సిన తలుపు పాతికేళ్లు దాటాక తట్టాల్సి వచ్చిందన్నది కలుపుకుని చెప్పాలి.

2013లో జేఎస్‌డబ్ల్యూ సంస్థ బెంగళూరు ఎఫ్‌సీని పెట్టి ఛెత్రిని కెప్టెన్‌గా తీసుకుంది. అశోక్ నగర్‌లోని పాత ఫుట్‌బాల్ స్టేడియంలో ఆడుతూ, పుట్టిన మొదటి సీజన్‌లోనే అప్పటి దేశపు పెద్ద లీగ్ ఐ-లీగ్ గెలిచింది. అందులో ఛెత్రి గోల్స్ 14. 2016లో మరో ఐ-లీగ్, రెండు ఫెడరేషన్ కప్‌లు, 2018-19లో ఐఎస్‌ఎల్, 2022లో డ్యూరాండ్ కప్ వచ్చాయి. కానీ ఈ ఊళ్లో ఉండే నాబోటివాళ్లు ఎక్కువగా తలచుకునేది 2016 అక్టోబరులో మలేసియా క్లబ్ జోహోర్ దారుల్ తాజిమ్‌ను కంఠీరవలో 3-1తో ఓడించిన రాత్రిని. అప్పటి ఆసియా రెండో స్థాయి క్లబ్ పోటీ ఏఎఫ్‌సీ కప్‌లో అది సెమీఫైనల్, డిఫెండింగ్ ఛాంపియన్ మీద ఛెత్రి రెండు గోల్స్ చేశాడు, ఒక భారతీయ క్లబ్ తొలిసారి ఆ పోటీ ఫైనల్‌కు వెళ్లింది. దోహాలో ఇరాక్ జట్టు అల్ క్వువా అల్ జవియా చేతిలో 0-1తో ఓడింది. 95లో క్లబ్ గోల్స్ లెక్కకు రావు కాబట్టి అతని ఉత్తమ ఆటలో కొంత భాగం ఆ సంఖ్య బయటే ఉండిపోయింది.

కంఠీరవలోనే మరో గోల్ మీద ఇప్పటికీ తగువు నడుస్తుంది. దాన్ని సరిగా విడమరచి చెప్పినవాళ్లు తక్కువ. 2023 మార్చి 3న కేరళ బ్లాస్టర్స్‌తో ఐఎస్‌ఎల్ నాకౌట్ మ్యాచ్ అదనపు సమయంలోకి వెళ్లింది. పెనాల్టీ బాక్స్ బయట ఛెత్రికి ఫ్రీకిక్ దక్కింది. కేరళ గోల్‌కీపర్ తన ఆటగాళ్లతో అడ్డుగోడ పేర్చుకుంటుండగానే ఛెత్రి బంతిని ఖాళీ గోల్‌లోకి పంపాడు, రెఫరీ గోల్ ఇచ్చాడు, కేరళ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానం నుంచి తీసుకెళ్లిపోయాడు. మ్యాచ్ బెంగళూరుదయింది. విజిల్ మోగకుండా ఎలా కొడతాడన్నది ఆనాటి కోపం. ఫుట్‌బాల్ నియమం ప్రకారం ఫ్రీకిక్‌కు ప్రతిసారీ విజిల్ అవసరం లేదు, బంతి కదలకుండా నిలిచి ఉంటే చాలు. కొట్టే జట్టు గోడను 9.15 మీటర్లు వెనక్కి పంపమని కోరితేనో, రెఫరీ కార్డు చూపించాల్సి వస్తేనో విజిల్ దాకా ఆగాలి. తనకు విజిల్ గానీ గోడ గానీ అక్కర్లేదని రెఫరీకి ముందే చెప్పానని ఛెత్రి మ్యాచ్ తర్వాత వివరించాడు. నియమం అతని వైపే ఉంది. అది నచ్చాలా వద్దా అన్నది వేరే చర్చ. నాకు మాత్రం, ఆ సీజన్‌లో తరచూ బెంచ్ మీద కూర్చోవాల్సి వచ్చిన 38 ఏళ్ల మనిషి, మైదానంలో అందరూ ఊపిరి తీసుకుంటున్న క్షణంలో ఇంకా గోల్ వైపే చూస్తున్నాడన్నది ముఖ్యం. పాకిస్తాన్ గోల్‌కీపర్ మీదికి పరుగెత్తింది కూడా ఆ చూపే.

ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో, 1984 ఆగస్టు 3న. అందుకే తెలుగు పత్రికలు అతన్ని మనవాడిగా చెప్పుకుంటాయి. తండ్రి సైన్యంలో పనిచేసేవారు కాబట్టి అక్కడ పుట్టాడు, బదిలీల వెంట ఊళ్లు తిరుగుతూ పెరిగాడు. తల్లి సుశీల, ఆమె కవల సోదరి నేపాల్ మహిళల జట్టుకు ఆడారు, ఆట అతనికి ఇంట్లోంచే వచ్చింది. సికింద్రాబాద్ మట్టి నిజంగా తీర్చిదిద్దిన ఫార్వర్డ్ మరొకరు ఉన్నారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడారు, రోమ్‌లో హంగరీ, పెరూల మీద గోల్స్ చేశారు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ముప్పై నిండకుండానే ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆయన పోయినప్పుడు మన దగ్గర దాని గురించి తగినంతగా మాట్లాడుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. బలరాం ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ చేసిన దేశం, అరవై ఏళ్లకు ఆసియా కప్‌లో ఒక్క గోల్ కోసం మూడు మ్యాచ్‌లు ఆడి ఖాళీ చేతులతో వచ్చింది. ఛెత్రి ఆడిన దేశం ఎటువంటిదో చెప్పడానికి ఈ దూరం గుర్తుంచుకోవాలి.

ఆ దేశంలో చూసేవాళ్లు కూడా లేని రోజులున్నాయి. 2018 జూన్ 1న ముంబయిలో చైనీస్ తైపేను 5-0తో ఓడించి ఛెత్రి హ్యాట్రిక్ చేసిన మ్యాచ్‌కు వచ్చిన ప్రేక్షకులు 2,569 మంది. మర్నాడు అతను వీడియోలో, తిట్టాలనుకుంటే స్టేడియానికి వచ్చి తిట్టండి, రావడం మాత్రం మానకండని చేతులు జోడించి అడిగాడు. జూన్ 4న కెన్యాతో ఆడిన అతని నూరో మ్యాచ్‌కు స్టేడియం నిండింది.

చివరి ముడి రిటైర్మెంట్‌ది. 2024 మార్చి 26న గువాహటిలో తన 150వ మ్యాచ్‌లో అఫ్గానిస్తాన్ మీద 94వ గోల్ చేశాడు, భారత్ మాత్రం 1-2తో ఓడింది. మే 16న వీడ్కోలు ప్రకటించాడు. జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో నిండు జనం ముందు కువైట్‌తో 0-0గా ముగిసిన మ్యాచ్ అతని వీడ్కోలు మ్యాచ్ అయింది. ఆ తర్వాతి వారం దోహాలో ఖతర్ చేతిలో ఓడి భారత్ ప్రపంచ కప్ అర్హత పోటీల్లోంచి బయటపడింది. ఆ ఏడాది మిగిలిన నాలుగు మ్యాచ్‌ల్లో జట్టు చేసినవి రెండే గోల్స్. 2024 మొత్తం మీద ఒక్క గెలుపూ లేదు. ఇదే సమయంలో నలభై నిండిన ఛెత్రి ఐఎస్‌ఎల్ 2024-25లో 14 గోల్స్‌తో భారతీయులందరి కంటే ముందున్నాడు. 2024 డిసెంబరు 7న కంఠీరవలో కేరళ మీద 4-2తో గెలిచిన మ్యాచ్‌లో హ్యాట్రిక్ చేశాడు, ఐఎస్‌ఎల్‌లో అంత పెద్ద వయసులో ఎవరూ ఆ పని చేయలేదు. జాతీయ జట్టు కోచ్ మనోలో మార్కెజ్ 2025 మార్చిలో అతన్ని వెనక్కి పిలిచాడు.

పిలవడం తప్పన్నవాళ్లున్నారు, రావడం తప్పన్నవాళ్లూ ఉన్నారు. లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ చేస్తున్న భారతీయుణ్ని వయసు చూసి పక్కన పెట్టమని కోచ్‌కు చెప్పడం నాకు సబబుగా తోచదు. అయితే ఫలితాన్ని దాచకూడదు. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులను 3-0తో ఓడించి, 2023 నవంబరు తర్వాత భారత్ తొలి గెలుపు అందుకుంది. అందులో తలతో చేసిన మూడో గోల్ ఛెత్రిది, అదే 95వది. తిరిగొచ్చాక ఆడిన ఆరు మ్యాచ్‌ల్లో అతనికి వచ్చిన గోల్ అదొక్కటే. బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్ చేతిలో 0-1, సింగపూర్‌తో అక్కడ 1-1, అక్టోబరు 14న గోవాలో 1-2. 2027 ఆసియా కప్ అర్హత చేజారింది. కొత్త కోచ్ ఖాలిద్ జమీల్‌కు చెప్పి ఛెత్రి జాతీయ జట్టుకు రెండోసారి వీడ్కోలు పలికాడు. ఆ జట్టుకు కావాల్సింది ఇంకొన్ని నెలల ఛెత్రి కాదని, అతనికి తోడుగా పదేళ్ల కిందటే తయారై ఉండాల్సిన మరో ఇద్దరు స్ట్రైకర్లని ఆ ఆరు మ్యాచ్‌లు చూసినవాళ్లందరికీ తెలిసింది.

కాబట్టి మెట్రో స్టేషన్ దగ్గరి ప్రశ్నకు నా పూర్తి జవాబు ఇది. మెస్సీ గోల్స్‌తో ఛెత్రి గోల్స్‌ను కలిపి లెక్కపెట్టొచ్చు, బరువు తూచడానికి మాత్రం వేర్వేరు త్రాసులు కావాలి. మెస్సీ లేకపోయినా అర్జెంటీనాకు గోల్ చేసేవాళ్లు ఉంటారు. ఛెత్రి వెళ్లిపోయాక భారత్ వెతకాల్సి వచ్చింది, ఆ వెతుకులాట ఎంత దూరం వెళ్లిందో ఈ ఊళ్లోనే కనిపించింది. కేరళ మీద ఛెత్రి హ్యాట్రిక్ చేసిన రాత్రి బెంగళూరు చేసిన మిగిలిన ఒక్క గోల్ ర్యాన్ విలియమ్స్‌ది. అతను ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగిన ఫార్వర్డ్, తల్లి ముంబయి మూలాలున్న మనిషి. భారత్‌కు ఆడాలంటే భారత పౌరుడై ఉండాలి కాబట్టి, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని 2025 నవంబరులో ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. బెంగళూరులో జరిగిన చిన్న కార్యక్రమంలో ఆ కొత్త పాస్‌పోర్టును అతని చేతిలో పెట్టింది ఛెత్రి.